పర్లాకిమిడి హాల్లో జెజెరో బిలం: డిగ్రీకి అంగుళం చొప్పున ఒక అంగారక పనోరమా

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక హైస్కూలు హాల్లో పెట్టడానికి అడిగిన పనోరమా ఇది, అంటే ఎన్నో ఫొటోలు అతికి చేసిన చుట్టు దృశ్యం. తొమ్మిదిన్నర అడుగుల వ్యాసంతో గుండ్రటి తెర, దాని లోపలి వైపు అంగారకుడి నేల. మధ్యలో నిలబడి ఎటు తిరిగితే అటు, రోవర్ కెమెరాకి ఏ కోణంలో ఏం కనిపించిందో అదే కనిపించాలి. తెలుగు పిల్లలూ ఒడియా పిల్లలూ కలిసి చూస్తారు కాబట్టి రాతలు రెండు లిపుల్లోనూ ఉండాలి. చేతిలో ఉన్నవి 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్, బజార్లో ఒక ఫ్లెక్స్ షాపు. సాఫ్ట్‌వేర్ అంతా ఉచితమే: అతకడానికి హగిన్, రంగులకి జింప్, ఫైళ్ళను గుంపుగా మార్చడానికి ఇమేజ్‌మ్యాజిక్, మిగతా చిల్లర పనులకి పైథాన్.

ఫొటోలు అంగారకుడి మీద నాసా నడిపే బండి, పర్సెవరెన్స్ రోవర్‌వి. అది 2021 ఫిబ్రవరి 18న జెజెరో బిలంలో దిగింది. సోల్ (అంగారకుడి మీది రోజు) 3న, మన లెక్కలో ఫిబ్రవరి 21న, స్తంభం మీది మాస్ట్‌క్యామ్-జడ్ కెమెరా చుట్టూ తిరిగి ఫొటోలు తీసింది. వాటిలో 142 ఫ్రేములు కలిపి నాసా తన పనోరమా విడుదల చేసింది. ముడి ఫ్రేములు కూడా ఎవరైనా దించుకునేలా పెట్టారు.

రెడీమేడ్‌గా ఉన్నదాన్నే ప్రింటు తీయిస్తే పోయేది కదా అని ఎవరైనా అడుగుతారు. గోడ మీద చదునుగా అతికించడానికైతే అదే చాలు. గుండ్రటి తెరకి మాత్రం పనికిరాదు. స్క్రీన్ మీద చూసే పనోరమాల్లో ఎక్కువ భాగం నిలువు కోణాన్ని సమానంగా పరిచే ప్రొజెక్షన్‌లో (చుట్టు దృశ్యాన్ని చదునుగా పరిచే పద్ధతిలో) ఉంటాయి. దాన్ని గుండ్రంగా వంచి మధ్యలో నిలబడితే కాళ్ళ దగ్గరి నేల నొక్కేసినట్టు కనిపిస్తుంది. స్తంభాకారపు ప్రొజెక్షన్‌లో, మన తెర కొలతకి, మనకి కావలసిన చోట కోత పెట్టి కొత్తగా అతికితేనే కోణాలు నిలుస్తాయి.

కొలతలు ముందు

మాస్ట్‌క్యామ్-జడ్ సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ 7.4 మైక్రాన్లు. లెన్సు జూమ్ 26 మి.మీ. నుంచి 110 మి.మీ. దాకా మారుతుంది. ఈ వరస 34 మి.మీ. దగ్గర తీసింది. 34ని 0.0074తో భాగిస్తే 4,595 వస్తుంది. దృశ్యంలో ఒక రేడియన్‌కి అన్ని పిక్సెళ్ళు. చుట్టూ 360 డిగ్రీలకి 28,869, అంటే డిగ్రీకి 80 పిక్సెళ్ళు. ఫ్లెక్స్‌కి అంగుళానికి 72 నుంచి 100 చుక్కలుంటే సరిపోతుంది. కాబట్టి డిగ్రీకి ఒక అంగుళం అని ఖాయం చేసుకుంటే లెక్కలన్నీ వాటంతటవే కుదిరిపోతాయి. 360 డిగ్రీలు 360 అంగుళాలు, అంటే 30 అడుగుల చుట్టుకొలత. వ్యాసార్ధం 57.3 అంగుళాలు, నాలుగడుగుల తొమ్మిది. పెద్దది చేద్దామని 40 అడుగులకి సాగదీస్తే అంగుళానికి 60 చుక్కలే మిగులుతాయి, నాలుగడుగుల దూరం నుంచి చుక్కలు తెలిసిపోతాయి.

నిలువులో దిగంతం కంటే కిందికి 40 డిగ్రీలు, పైకి 10 డిగ్రీలు తీసుకున్నాం. స్తంభాకారంలో ఎత్తు టాంజెంట్ ప్రకారం పెరుగుతుంది: కిందికి 48 అంగుళాలు, పైకి 10 అంగుళాలు, మొత్తం 58. అయిదడుగుల రోల్ మీద పైనా కిందా ఒక్కో అంగుళం మార్జిన్ మిగులుతుంది. తాడు కట్టే కన్నాలు (ఐలెట్లు) అక్కడ కొట్టించుకోవచ్చు. తెర అడుగు అంచు నేలకి ఆరంగుళాల పైన ఉండేలా కడితే దిగంతం నాలుగున్నర అడుగుల ఎత్తున వస్తుంది. హైస్కూలు పిల్లలకి ఇంచుమించు కంటి ఎత్తు అదే.

కిందికి 40 డిగ్రీల దగ్గర ఆపడానికి ఇంకో కారణం కూడా ఉంది. కెమెరా నేలకి సుమారు 2 మీటర్ల ఎత్తున ఉంటుంది. 40 డిగ్రీలు కిందికి చూస్తే నేల 3.1 మీటర్ల దూరంలో తగులుతుంది. అంతకంటే దగ్గరి నేలను అతకడం ఎంత తలనొప్పో కింద అతుకుల భాగంలో తెలుస్తుంది.

ఫైళ్ళు ఏరుకోవడం

ఫైలు పేరు చదవడం వస్తే సగం పని అయినట్టే. మొదటి అక్షరం జడ్ అంటే మాస్ట్‌క్యామ్-జడ్. రెండోది ఎల్ అయితే ఎడమ కన్ను, ఆర్ అయితే కుడి కన్ను. మూడో స్థానంలో ఫిల్టర్ సంఖ్య ఉంటుంది. 0 అంటే మామూలు రంగు ఫొటో, మిగతావి శాస్త్రజ్ఞుల పనికి వాడే సన్నని పట్టీల ఫిల్టర్లు. తర్వాత నాలుగంకెల్లో సోల్, ఆ తర్వాత పదంకెల్లో రోవర్ గడియారం సెకన్లు. మధ్యలో ఎన్ ఉంటే పూర్తి ఫొటో, టీ ఉంటే థంబ్‌నెయిల్, అంటే చిన్న నమూనా ఫొటో. చివరికి దగ్గరలో 034 అని కనిపిస్తే జూమ్ 34 మి.మీ. అని. ఒకే సోల్‌లో వేరే జూమ్‌తో తీసినవి కూడా ఉండొచ్చు. అలాంటిది ఒక్కటి కలిసినా హగిన్ లెక్క మొత్తం వంకరపోతుంది.

ఎడమ కంటివే తీసుకోండి, లేదా కుడి కంటివే. రెండూ కలపొద్దు. రెండు కెమెరాల మధ్య 24.4 సెంటీమీటర్ల దూరం ఉంది. అది త్రీడీకి వరం, పనోరమాకి శాపం.

ఒక్కో పీఎన్‌జీ రెండు నుంచి నాలుగు ఎంబీ ఉంటుంది. హాట్‌స్పాట్ మీద మధ్యలో తెగితే అక్కడి నుంచే మళ్ళీ అందుకునే డౌన్‌లోడర్ వాడండి. సగం దిగిన పీఎన్‌జీ తెరుచుకుంటుంది గానీ కింది భాగం నల్లగా ఉంటుంది. అతుకులు వేశాక గాని అది కంటపడదు. దించిన వెంటనే ఇమేజ్‌మ్యాజిక్‌తో అన్నిటి వెడల్పు, ఎత్తు ఒకసారి అచ్చు వేయించి చూసుకుని, అడుగు అంచు నల్లగా ఉన్నవి మళ్ళీ దించుకోవాలి.

ఫొటోలతోపాటు వాటి వివరాలున్న జేసన్ ఫైలు కూడా దించుకోవాలి. చాలామంది దాన్ని పట్టించుకోరు. అందులో ప్రతి ఫ్రేముకీ మాస్ట్ (కెమెరా ఉన్న స్తంభం) ఎటు తిరిగి ఉందో, ఎంత పైకి కిందికి వంగి ఉందో డిగ్రీల్లో ఉంటుంది. రోవర్ ఎంత ఒరిగి నిలబడిందో చెప్పే నాలుగంకెల గుంపు, క్వాటర్నియన్, కూడా ఉంటుంది. కొన్ని ఫ్రేములకి ఈ అంకెలు ఖాళీగా ఉండొచ్చు. అలాంటివాటిని గడియారం వరసలో పక్కవాటి మధ్య ఎక్కడ పడతాయో చూసి చేత్తో నింపాలి.

కొన్ని ఫ్రేములు బూడిదరంగులో, బాగా జూమ్ చేస్తే సన్నటి గళ్ళతో కనిపిస్తాయి. అవి పాడైనవి కావు. సెన్సర్ మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్ళ నుంచి ఇంకా రంగు రాబట్టని బేయర్ ఫొటోలు అవి. పైథాన్‌లో వాడే ఓపెన్‌సీవీలో ఒక్క ఆదేశంతో రంగు వస్తుంది. ముందు రంగు రాబట్టాలి, తర్వాతే అంచులు కోయాలి. ఫ్రేముకి ఇరువైపులా సన్నటి నల్ల పట్టీ ఉంటుంది కదా అని ముందే దాన్ని బేసి సంఖ్య పిక్సెళ్ళతో కోస్తే గళ్ళ వరస ఒకటి జరిగిపోతుంది, రంగులు తారుమారవుతాయి. ఆకాశం నీలంగా ఉందని మురిసిపోయి గమనించకుండా వదిలేసే అవకాశం కూడా ఉంది. రోవర్ మీది రంగుల పలకలో ఎరుపు గడి ఎరుపుగా, నీలం గడి నీలంగా వస్తున్నాయో లేదో చూసుకుంటే సందేహం తీరుతుంది. చివరికి అన్నీ 1600×1200కి రావాలి.

రంగు

ఇక్కడ ఒకే నియమం: ఏ సవరణ చేసినా అన్ని ఫ్రేములకీ ఒకే అంకెతో చేయాలి. జింప్‌లో గానీ ఫోన్ యాప్‌లో గానీ ఆటో బటన్ నొక్కారంటే రాళ్ళున్న ఫ్రేము ఒక రంగుకి, ఇసుక ఫ్రేము ఇంకో రంగుకి, ఆకాశం ఫ్రేము మూడో రంగుకి పోతాయి. ఆ తర్వాత ఎన్‌బ్లెండ్ (హగిన్‌తోపాటు అతుకుల్ని కలపడానికి వాడే సాఫ్ట్‌వేర్) ఎంత నునుపుగా కలిపినా చుట్టూ మరకలు తేలతాయి.

కెమెరా 11 బిట్ల కొలతను 8 బిట్లకి కుదించి పంపుతుంది. కుదింపు ఇంచుమించు వర్గమూలం పద్ధతిలో జరుగుతుంది. కాబట్టి ఫొటోలో కనిపించే అంకె వెలుగుకి నేరుగా కొలత కాదు. దాన్ని 255తో భాగించి వర్గం చేస్తే అసలు వెలుగుకి దగ్గరగా వస్తుంది. వెలుగు లెక్కలన్నీ ఆ వర్గం చేసిన అంకెల మీదే, 16 బిట్లలో చేయాలి.

వైట్ బ్యాలెన్స్ (బూడిదరంగు బూడిదగానే కనిపించేలా రంగు సర్దడం) కావాలంటే రోవర్ డెక్, అంటే పై తలం, మీది కాలిబ్రేషన్ పలకను అదే కెమెరా తీసిన ఫ్రేములో చూడండి. మధ్యలో నీడ పడే చిన్న కడ్డీ, చుట్టూ బూడిదరంగు వలయాలు, అంచున రంగు గళ్ళు ఉంటాయి. ఎండ పడుతున్న బూడిద వలయం మీద కొలవాలి. నీడలో కొలిస్తే ఆకాశపు దుమ్ము రంగు కలిసిపోతుంది. ఉదాహరణకి ఆ వలయం మీద ఎరుపు 142, ఆకుపచ్చ 118, నీలం 84 అని వచ్చాయనుకోండి. నేరుగా భాగించకూడదు. 118ని 142తో భాగించి వర్గం చేస్తే 0.69, అది ఎరుపు గుణకం. 118ని 84తో భాగించి వర్గం చేస్తే 1.97, అది నీలం గుణకం. వర్గం చేసిన అంకెల మీద 0.83, 1.40 వాడినవాళ్ళ పనోరమాల్లో సవరణ సగమే జరిగి, పసుపు ఛాయ మిగిలిపోతుంది.

ఆ గుణకాలు వేస్తే రాళ్ళు భూమి మీది ఎండలో ఎలా ఉంటాయో అలా వస్తాయి. భూగర్భ శాస్త్రజ్ఞులకి ఇష్టమైన రూపం అది. వేయకపోతే అంగారకుడి మీద వెలుగు ఎలా ఉందో దాదాపు అలాగే ఉంటుంది: పసుపు కలిసిన గోధుమ రంగు నేల, దుమ్ము పట్టిన లేత గోధుమ ఆకాశం. తెరకి రెండోదే పెట్టాం. మొదటి రూపంలో రెండడుగుల ముక్క ఒకటి విడిగా ప్రింటు చేసి ద్వారం పక్కన కట్టాం. రెంటికీ మధ్య రకంగా సర్దడం కొందరికి అలవాటు. దాన్ని ఏ పేరుతో చూపించాలో ఎవరికీ తెలియదు కాబట్టి వద్దు.

‘ఎర్ర గ్రహం కదా, ఇంత చప్పగా ఉందేం’ అనే మాట తప్పకుండా వస్తుంది. కొరాపుట్, రాయగడ వైపు ఎర్రమట్టి రోజూ చూసే కళ్ళకి జెజెరో నేల నిజంగానే చప్పగా ఉంటుంది. ఎరుపు పెంచొద్దు. అక్కడి ధూళిలో ఇనుము తుప్పు ఉంది నిజమే. కానీ బిలం అడుగున ఉన్న రాళ్ళు అగ్నిశిలలు, చాలావాటి అసలు రంగు ముదురు బూడిద.

ఇదే పని పాత రోవర్లు స్పిరిట్, ఆపర్చునిటీ ఫొటోలతో చేయాలంటే పద్ధతి వేరు. వాటి కెమెరా పాన్‌క్యామ్ ఒక్కో ఫిల్టర్‌తో విడిగా తెలుపు నలుపు ఫొటో తీసేది. 753, 535, 432 నానోమీటర్ల ఫ్రేముల్ని ఎరుపు, ఆకుపచ్చ, నీలం స్థానాల్లో పెడితే రంగు వస్తుంది. ఒక ఫిల్టర్‌కీ మరో ఫిల్టర్‌కీ మధ్య గడిచిన కాలంలో నీడ జరిగితే రాళ్ళ అంచుల్లో రంగుల గీతలు పడతాయి. ఆపర్చునిటీ 2018 మే 13 నుంచి జూన్ 10 దాకా తీసిన చివరి పనోరమాలో 354 ఫ్రేములున్నాయి. దుమ్ము తుఫాను వచ్చేసరికి కొన్నిటికి ఆకుపచ్చ, ఊదా ఫిల్టర్లు తీయడం కుదరలేదు. అందుకే దాని ఎడమ అడుగు మూల తెలుపు నలుపులో ఉండిపోయింది. ప్రింటు వేసేటప్పుడు ఆ మూలకి ఎవరూ రంగు పూయకూడదు.

అతుకులు

హగిన్‌లోకి ఫ్రేములు ఎక్కించగానే లెన్సు వివరాలు అడుగుతుంది. పీఎన్‌జీలో ఆ సమాచారం ఉండదు. లెన్సు రకం రెక్టిలీనియర్, అడ్డ కోణం 19.75 డిగ్రీలు అని ఇవ్వాలి (1600 పిక్సెళ్ళ వెడల్పుకి లెక్క అది, అంచులు కోయకుండా ఇదే అంకె ఇస్తే తప్పు). తర్వాత పైథాన్‌తో ప్రాజెక్టు ఫైలు తెరిచి, జేసన్‌లోని మాస్ట్ కోణాల్ని ప్రతి ఫ్రేము యా (అడ్డంగా తిరిగిన కోణం), పిచ్ (పైకి కిందికి వంగిన కోణం) స్థానాల్లో రాసేయాలి. ఈ ఒక్క పనితో ఫ్రేములు దాదాపు తమ చోట్లలో కూర్చుంటాయి. చేయకపోతే ఇసుక ఫ్రేముల్లో ఏ గులకరాయిని చూసినా సాఫ్ట్‌వేర్‌కి ఒకేలా కనిపించి, తూర్పు ఫ్రేముని పడమరకి అతికిస్తుంది. ఆకాశం ఫ్రేముల్లోనైతే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, జేసన్ కోణాలే దిక్కు. రోవర్ దారి చూసుకునే కెమెరా నావ్‌క్యామ్ తీసిన వెడల్పాటి ఫొటోలు పక్కన పెట్టుకుంటే వరస సరిపోయిందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. ఒక్కో నావ్‌క్యామ్ ఫ్రేము 96 డిగ్రీల మేర చూస్తుంది.

ఇక అసలు చిక్కు. కెమెరా మాస్ట్ ఇరుసు మీద లేదు, దానికి 12.2 సెంటీమీటర్లు పక్కన ఉంది. తల తిరిగినప్పుడల్లా కెమెరా చోటు మారుతుంది. పక్కపక్క ఫ్రేములకి 16 డిగ్రీల తేడా అనుకుంటే ఆ జరుగుడు 3.4 సెంటీమీటర్లు. అయితే ఎటు జరుగుతుందన్నది చాలామంది తప్పుగా ఊహిస్తారు. కెమెరా ఇరుసుకి పక్కన ఉంది కాబట్టి తిరిగినప్పుడు అది పక్కకి జరగదు, చూస్తున్న దిశలో ముందుకో వెనక్కో జరుగుతుంది. ఎడమ కెమెరా కుడివైపు తిరిగితే ముందుకి వస్తుంది. అందుకే అతుకు దగ్గర రాళ్ళు అడ్డంగా రెండుగా కనిపించడం తక్కువ. దగ్గరి నేల నిలువుగా మెట్టు పడుతుంది. కుడి పక్క ఫ్రేములో అదే రాయి కొంచెం కిందికి ఉంటుంది.

మెట్టు ఎంత? 3 మీటర్ల దూరంలోని నేల మీద 35 పిక్సెళ్ళు, అంటే మన తెర మీద దాదాపు అర అంగుళం. 10 మీటర్ల దగ్గర 3 పిక్సెళ్ళు. 30 మీటర్ల దగ్గర అర పిక్సెల్ కూడా ఉండదు. దూరం పెరిగే కొద్దీ దూరం వర్గంతో తగ్గిపోతుంది. ఎందుకంటే దూరం ఎక్కువైతే కోణం చిన్నదవుతుంది, చూపు కూడా నేలకి సమాంతరంగా వాలుతుంది. రెండూ కలిసి తగ్గిస్తాయి.

ఈ అంకెలు తెలిస్తే కంట్రోల్ పాయింట్లు (రెండు ఫ్రేముల్లోనూ ఒకటేనని హగిన్ జత కలిపే బిందువులు) ఎక్కడ ఉంచాలో ఎక్కడ తీసేయాలో తెలిసిపోతుంది. దగ్గరి నేల మీద పాయింట్లు వందలు దొరుకుతాయి, దిగంతం మీద పదో పరకో. సంఖ్యాబలంతో దగ్గరి పాయింట్లు గెలిచి, వాటి 35 పిక్సెళ్ళ అబద్ధాన్ని సర్దడానికి హగిన్ ఫ్రేముల్ని వంచి, లెన్సు కోణాన్ని మార్చి, చివరికి నిక్కమైన దిగంతాన్నే విరగ్గొడుతుంది. కాబట్టి వరస ఇలా ఉండాలి. దిగంతం ఉన్న ఫ్రేముల వరసని ఒక్కదాన్నే ముందు తీసుకోవాలి. డెల్టా కొండ (పాత నది మేట) అంచు బాగా కనిపించే ఫ్రేముని లంగరుగా పెట్టి యా, పిచ్, రోల్ (పక్కకి ఒరిగిన కోణం) మాత్రమే ఆప్టిమైజ్ చేయాలి. సగటు తప్పు ఒక పిక్సెల్ లోపు వచ్చాక ఆ వరసని బిగించేయాలి. దాని కింది వరసని చేర్చి, 10 మీటర్ల లోపు పాయింట్లన్నీ తీసేసి మళ్ళీ చేయాలి. 10 మీటర్లంటే దిగంతం నుంచి పదకొండున్నర డిగ్రీలు కింద, అక్కడ ఒక గీత గీసుకుంటే తేలిక. ఇంకా కింది వరసలకి పాయింట్లు అసలు వద్దు. జేసన్ కోణాలకి పై వరసలో తేలిన సగటు సవరణ కలిపి వదిలేయాలి. లెన్సు వంపుకి హగిన్‌లో ఉండే ఏ, బీ, సీ అంకెల్లో బీ ఒక్కటే మార్చాలి, అదీ చివర్లో. ఏ, సీ సున్నా దగ్గరే ఉండనివ్వండి. పాయింట్లు తక్కువ ఉన్నచోట అవి అంచుల్ని ఇష్టమొచ్చినట్టు వంచేస్తాయి.

మిగిలిన మెట్టుని మాస్కులతో (ఏ ఫ్రేములో ఏ భాగం వాడాలో గీసే హద్దులతో) దాచాలి. అతుకు రాయి మీదుగా పోతే రాయి తెగుతుంది, నున్నటి ఇసుక మీదుగా పోతే ఎవరికీ తెలియదు. ఎన్‌బ్లెండ్ తనంతట తానే మంచి దారి వెతుకుతుంది గానీ, మూడు నాలుగు మీటర్ల లోపు రాళ్ళ దగ్గర దాన్ని నమ్మలేం. ఫలానా రాయి పూర్తిగా ఈ ఫ్రేము నుంచే రావాలని చేర్చే మాస్కు గీయాలి. ఓపిక పట్టాల్సిన చోటు ఇదే. ఒక్కో అతుకు దగ్గర వంద శాతం జూమ్‌లో పై నుంచి కిందికి వెళ్ళి, తెగిన ప్రతి రాయికీ ఏ ఫ్రేము సొంతమో తేల్చాలి. పిడికెడు కంటే చిన్న రాళ్ళని వదిలేయొచ్చు.

రోవర్ సొంత డెక్ అన్నిటికంటే దగ్గర, ఒకటి రెండు మీటర్లే. దాన్ని సరిగ్గా అతకడం జరిగే పని కాదు. ఈ తెరకి దొరికిన దారి ఏమిటంటే, వలయంలోకి పిల్లలు వెళ్ళడానికి ఎలాగూ ద్వారం కావాలి. డెక్ ఎక్కువగా కనిపించే దిక్కులో 30 డిగ్రీలు వదిలేసి, అక్కడే 30 అంగుళాల ద్వారం పెట్టాం. ప్రింటు 330 అంగుళాలకి, అంటే ఇరవై ఏడున్నర అడుగులకి దిగింది. ద్వారానికి అటూ ఇటూ మిగిలిన డెక్ అంచులకి మాస్కులు సరిపోయాయి.

ఈ మెట్టు సంగతి కళ్ళతో చూడాలనుకునేవాళ్ళకి పర్లాకిమిడిలో ఏ మేడ ఎక్కినా చాలు. ట్రైపాడ్ మీద అడుగు పొడుగు బద్ద కట్టి, ఇరుసుకి 12 సెంటీమీటర్ల పక్కన ఫోన్ బిగించి, 16 డిగ్రీల చొప్పున తిప్పుతూ ఫొటోలు తీయండి. పిట్టగోడ లోపలి మేడ నేల విరుగుతుంది, దూరపు కొండలు విరగవు.

దిగంతం, ఆకాశం

రోవర్ చదునైన చోట నిలబడదు. రెండు డిగ్రీలు ఒరిగి ఉన్నా దిగంతం ఒకవైపు 160 పిక్సెళ్ళు లేచి ఎదురువైపు అంతే దిగుతుంది. తెర మీద అటు రెండంగుళాలు, ఇటు రెండంగుళాలు. హగిన్‌లో స్ట్రెయిటెన్ నొక్కితే సరిపోతుందనుకోవద్దు. అది ఫ్రేముల సగటు పట్టుకుని సర్దుతుంది, అసలు ఒరుగు దానికి తెలియదు. కంటితో సర్దుదామంటే జెజెరోలో దిగంతమే సమం కాదు: 45 కిలోమీటర్ల వెడల్పు బిలం అంచు కొండలు ఒక దిక్కున ఎక్కువ ఎత్తు, మరో దిక్కున తక్కువ. క్వాటర్నియన్ నుంచి ఒరుగు లెక్కగట్టి, న్యూమరిక్ ట్రాన్స్‌ఫార్మ్‌లో పిచ్, రోల్ అంకెలుగా ఇవ్వడమే సరైన పద్ధతి.

ఆకాశంలో ఫ్రేము మూలలు మసకగా, సెన్సర్ మీది దుమ్ము చుక్కలు ఎప్పుడూ ఒకేచోట కనిపిస్తాయి. ఖాళీ ఆకాశం ఉన్న ఫ్రేములు పదో పన్నెండో తీసుకుని, వర్గం చేసిన అంకెల మీద పిక్సెల్‌కి పిక్సెల్ మీడియన్ (వరసలో పెడితే మధ్యన వచ్చే అంకె) కడితే ఒక ఫ్లాట్ ఫ్రేము వస్తుంది. అన్ని ఫొటోల్నీ దానితో భాగించాలి. ఇది రంగుల పని కంటే ముందు జరగాలి. సూర్యుడి వైపు ఆకాశం వెలుగు ఎక్కువ. దాన్ని సమం చేయబోవద్దు, అది నిజం. హగిన్‌లో వెలుగు ఆప్టిమైజ్ చేసేటప్పుడు ‘లో డైనమిక్ రేంజ్’ ఎంచుకోవాలి. దాని పక్కనే ఉండే ‘వేరియబుల్ వైట్ బ్యాలెన్స్’ ఎంచుకుంటే పడ్డ శ్రమంతా వృథా. ఫ్రేములు అందని చోట పైన ఆకాశం నింపితే ఎక్కడి నుంచి నింపారో అంచున రాసేయండి.

కూర్చడం, ప్రింటు

ప్రొజెక్షన్ సిలిండ్రికల్, అడ్డం 360, నిలువు 80 డిగ్రీలు. హగిన్ దిగంతానికి పైనా కిందా సమానంగా ఇస్తుంది కాబట్టి పైన 10 డిగ్రీల దగ్గర కోయాలి. ఎత్తు 4,665 పిక్సెళ్ళు వస్తుంది. 16 బిట్ల టిఫ్ దాదాపు 800 ఎంబీ. 8 జీబీ ర్యామ్‌లో ఎన్‌బ్లెండ్ నడుస్తుంది, నెమ్మదిగా. ఎండాకాలం సాయంత్రాలు ఈదురుగాలి లేస్తే కరెంటు పోవడం ఖాయం. అందుకే ఒకేసారి చివరిదాకా నడపకుండా, సవరించిన ఫ్రేముల్ని విడివిడి టిఫ్‌లుగా రాయించి, ఎన్‌బ్లెండ్‌ని వేరే ఆదేశంగా నడపాలి. మధ్యలో ఆగినా మొదటి సగం డిస్కులో ఉంటుంది. 360 చుట్టూ అతికేటప్పుడు అడ్డంగా చుట్టుకునే ఆప్షన్ ఇవ్వకపోతే ఎడమ చివరా కుడి చివరా కలిసే చోట నిలువు గీత పడుతుంది. మొదటి ఫ్రేముకీ చివరి ఫ్రేముకీ మధ్య గడిచిన కాలంలో నీడల దిశ మారుతుంది. అవి కలిసే చోట పెద్ద రాయి లేకుండా చూసుకోవాలి.

ఫ్లెక్స్ షాపులో మొదట అడిగేది ‘వాట్సాప్ చేసేయండి’ అని. చేశారంటే 26,463 పిక్సెళ్ళ వెడల్పు ఫొటో కుంచించుకుపోయి వెళ్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్, నాణ్యత 95లో ఇవ్వండి. డిజైనర్ కోరల్‌డ్రాలో తెరిచాక మొదట సైజు చూడాలి: అడ్డం 330, నిలువు 58 అంగుళాలు, నిష్పత్తి మారకూడదు. ‘ఫిట్ టు పేజ్’ నొక్కితే డిగ్రీకి అంగుళం అనే లెక్క పోతుంది. రెండోది, కలర్ బూస్ట్. పెళ్ళి ఫ్లెక్సులకి అలవాటుగా వేసేది ఇక్కడ వద్దని ముందే చెప్పాలి. గోధుమ రంగులు సీఎంవైకే, అంటే ప్రింటరు ఇంకుల రంగుల్లోకి మారేటప్పుడు బురదగా దిగుతాయి. అడుగు చదరం ముక్కని మూడు వెలుగు స్థాయిల్లో అదే మెషీన్ మీద తీయించి, హాల్లో వేలాడదీయబోయే చోట, అక్కడి ట్యూబులైటు కింద పెట్టి ఎంచుకోండి. మామూలు ఫ్లెక్స్ మెరుస్తుంది; గుండ్రంగా వంచితే ప్రతి ట్యూబులైటూ దాని మీద ఒక తెల్ల చార. మ్యాట్ మీడియా ఉంటే కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి.

అడుగు మార్జిన్ మీద అంగుళానికో గీత, పదంగుళాలకో అంకె వేయించాం. పిల్లలు టేపు పెట్టి కొలిస్తే అంగుళాలే డిగ్రీలు. డెల్టా అంచు అక్కడి నుంచి సుమారు 2 కిలోమీటర్లు. ఆ దూరంలో ఒక డిగ్రీ 35 మీటర్లు, ఒక్క పిక్సెల్ 44 సెంటీమీటర్లు. కొండ అంచు ఎత్తు తెర మీద అంగుళాల్లో కొలిచి 35తో గుణించమని పక్కన రెండు లిపుల్లో రాసి పెట్టాం. పై మార్జిన్‌లో క్రెడిట్ లైను: నాసా, జేపీఎల్-కాల్టెక్, ఏఎస్‌యూ, ఎంఎస్‌ఎస్‌ఎస్, దాని కింద అతికింది ఎవరో, రంగు ఏ పద్ధతో, నింపిన ఆకాశం ఎంతో. నాసా లోగో వేయకూడదు. కార్యక్రమానికి వాళ్ళ ఆమోదం ఉన్నట్టు అర్థం వస్తుంది.

వేలాడదీయడానికి అర అంగుళం పీవీసీ పైపుల్ని వలయంగా వంచి పైన ఒకటి, కింద ఒకటి. పై వలయానికి ఆరు చోట్ల తాళ్ళు. నాలుగైతే వలయం కోడిగుడ్డు ఆకారానికి దిగుతుంది. నేల మీద మధ్య బిందువు దగ్గర సుద్దతో చిన్న వలయం గీయండి, అక్కడ నిలబడితేనే కోణాలు సరిపోతాయి. తీసేసేటప్పుడు ఫ్లెక్స్‌ని మడవొద్దు. ప్రింటు బయటివైపు ఉండేలా అట్టగొట్టానికి చుట్టండి. లోపలివైపు ఉండేలా చుడితే ఇంకు పొర నలిగి మడతలు పడుతుంది.